పాత టేకు కిటికీలు పీకించకండి

ఎండలు ముదిరిన దగ్గర్నుంచి మా నల్లగొండ గ్రూపులన్నిట్లో ఒకటే మెసేజ్. పాత కిటికీలు పీకేసి డబుల్ గ్లాస్, అంటే నడుమ గాలి పొర ఉన్న జంట అద్దాలు, పెట్టిస్తే ఎండ వేడి లోపలికి రాదట, ఏసీ అక్కర్లేదట, లారీల మోత వినపడదట. కిటికీ ఉంచుకోవాలనుకుంటే ఆ పాత రెక్కల్లోనే డబుల్ గ్లాస్ ఇమిడిపోతుందట. పాత అద్దం ఎట్లాగూ ఏళ్లు గడిచేకొద్దీ కిందికి కారిపోతుందట. ఇది నమ్మి తాతల నాటి టేకు చౌకట్లను అమ్మకానికి పెడుతున్నారు, అందుకే రాస్తున్నా.

అద్దం కారదు. పాత అద్దంలో కనిపించే అలలు అప్పటి తయారీలో వచ్చినవే.

అసలు పేచీ వేడితోనే. రెండద్దాల మధ్య మూసిన గాలి పొర ఉంటే, బయటి వేడిగాలి నుంచి లోపలికి పాకే వేడి దాదాపు సగానికి తగ్గుతుంది. నిజమే. కానీ నేరుగా పడే ఎండ సంగతి వేరు. మామూలు తెల్ల అద్దాలు రెండు పెట్టినా అందులో 70 శాతం దాకా లోపలికి వచ్చేస్తుంది. మధ్యాహ్నం మూడింటికి పడమటి కిటికీ కింద బండ మీద చెయ్యి పెట్టి చూడండి, చుర్రుమంటుంది. పైగా ఏసీ లేని ఇంట్లో రాత్రి గాలి కోసం రెక్కలు బార్లా తెరిచే కదా పడుకునేది? తెరిచిన కిటికీకి ఒక అద్దమైతే ఏంది, రెండైతే ఏంది? మన ఎండను అద్దం దాకా రానివ్వకుండా బయటే ఆపాలి. సజ్జ, తడక, ఆ పాత చెక్క తలుపులు చేసే పని అదే. అద్దంతోనే ఆపుతామంటే ఎండను తిప్పికొట్టే లో-ఈ పూత ఉన్నది అడగాలి. ఆ పూత బయటి అద్దానికి లోపలి ముఖాన ఉండాలి. మెసేజ్‌లో ఆ ముక్కే లేదు. ఇంత ఖర్చు పెట్టించే సలహాకు ఇంత నిర్లక్ష్యమా?

ఇక ఇమిడిపోవడం. ఐదు మిల్లీమీటర్ల అద్దాలు రెండు, నడుమ 12 సందు, మొత్తం 22 మిల్లీమీటర్లు. పాత రెక్క గాడిలో అది ఎక్కడ పడుతుంది? 4 మిల్లీమీటర్ల ఒంటి అద్దం చదరపు మీటరుకు 10 కిలోలు, ఇది 25. పాత మడత బందులు కుంగుతాయి. అవిసె నూనె లప్పం తగిలితే అంచు సీలు చెడి, అద్దాల మధ్య చెమ్మ చేరి మసకబారుతుంది. ఆ మసకను ఏ గుడ్డతోనూ తుడవలేం. వడ్లాయనతో రెక్కలు సరిచేయించి, కొత్త లప్పం పెట్టించి, సందులకు రబ్బరు పట్టీ వేయిస్తే చాలు. మోత కూడా ముందు తగ్గేది ఆ సందులు మూస్తేనే.

హైవే పక్కన, పగలంతా ఏసీ నడిచే గదికి డబుల్ గ్లాస్ దండగ కాదు. మెసేజ్ చివర్లో ఒక మాట నూటికి నూరు పాళ్లు నిజం: పిల్లలు ఆడే చోట, నేలకు దగ్గరగా ఉన్న కిటికీల్లో పాత పల్చటి అద్దం ఉంచొద్దు. అది పగిలితే కత్తుల్లాంటి పెంకులవుతుంది. అక్కడ టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరిచిన అద్దం, పగిలితే చిన్న మొద్దు ముక్కలవుతుంది) గానీ లామినేటెడ్ (నడుమ ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం, పగిలినా పెంకులు దానికే అంటుకుని ఉంటాయి) గానీ వేయించండి. టఫెన్డ్ అయితే కొలత ఒకటికి రెండుసార్లు తీయించండి, తయారయ్యాక దాన్ని ఎవరూ కోయలేరు.