మెరక ఒకరిది, ముంపు మరొకరికి

భీమవరం, అమలాపురం 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రాలయ్యాయి. ఆఫీసులొచ్చాయి, వాటి వెంట అద్దె ఇళ్లు వెతుక్కునేవాళ్లూ వచ్చారు. కాకినాడ, రాజమహేంద్రవరం సంగతి సరేసరి. అపార్ట్‌మెంట్లు లేవడమే తప్పంటే మేం ఒప్పుకోం. గోదావరి డెల్టాలో ఊరు అడ్డంగా పెరిగితే రెండు పంటలు పండే పొలమో, కొబ్బరి తోటో లేఅవుట్ కింద పోతుంది. పక్కనున్న పంట బోదె కూడా పూడిపోతుంది. ఆ లెక్కన పైకి కట్టుకోవడమే నయం.

చిక్కల్లా కట్టే తీరుతోనే. పెంకుటిల్లు కూల్చి ఐదంతస్తులు లేపేవాళ్లు ముందు స్థలాన్ని మెరక చేస్తారు. రోడ్డు మీద రోడ్డు వేసి మునిసిపాలిటీ వీధిని అప్పటికే ఎత్తు చేసి ఉంటుంది. మిగిలిన పాత ఇళ్లు రెండింటి మధ్యా పల్లంలో పడతాయి. ఎన్నడూ మునగని ఇంట్లోకి వాన నీరు గుమ్మం దాటి వస్తుంది. ఆ ఇంటివాళ్లు చేసిన తప్పల్లా బిల్డర్‌కు ఇల్లు ఇవ్వకపోవడమే! ఇక సెల్లార్ తవ్వితే మన నేలలో కొన్ని అడుగులకే ఊట పడుతుంది. మోటారు పెట్టి దాన్నీ వీధిలోకే తోడతారు. భీమవరంలో యనమదుర్రు డ్రెయిన్ ఇప్పటికే ఎలా ఉందో పక్కన నడిచేవారికి వాసనే చెబుతుంది.

తాగునీటిదీ ఇదే కథ. తీరం దగ్గరి ఊళ్లలో బోరు వేస్తే ఉప్పునీరే. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాక, ముందుగా చెరువుల్లో నింపుకున్న నీటితోనే నెట్టుకురావాలి. ఒక్క కుటుంబం ఉన్నచోట ఇరవై ఫ్లాట్లకు ప్లాన్ ఇచ్చేటప్పుడు ఆ చెరువు ఎవరికీ గుర్తురాదు.

మండువా ఇళ్లన్నీ అలాగే ఉంచాలనడం లేదు. కప్పు కురిస్తే పెంకు సర్దే మనిషి దొరకని రోజులివి. కానీ సెట్‌బ్యాక్‌లు, అంటే భవనం చుట్టూ విడవాల్సిన ఖాళీ స్థలం, వదలకుండా కట్టేసి, ఎప్పటికైనా బీపీఎస్ (అక్రమ కట్టడాలను జరిమానాతో క్రమబద్ధం చేసే పథకం) రాకపోతుందా, జరిమానా కట్టేస్తే పోలేదా అనే ధీమా మాత్రం పోవాలి. ఇలాంటి పథకాలు మళ్లీ మళ్లీ తెచ్చిన ప్రభుత్వాలే ఆ ధీమా ఇచ్చాయి.

వెడల్పాటి రోడ్లున్న చోట, డ్రెయిన్ తట్టుకుంటుందని తేలితే అంతస్తులు పెంచుకోనివ్వండి. ఇరుకు సందుల్లో వద్దు. ఎక్కడైనా సరే, ఎంత మెరక చేస్తారో, వాన నీరు ఎటు వదులుతారో స్థలం ముందే బోర్డు మీద రాయించి, ఇరుగుపొరుగు అభ్యంతరాలు విన్నాకే మునిసిపాలిటీ ప్లాన్ మీద సంతకం పెట్టాలి.