నెల్లూరుకు మెట్రో అంటున్న ఆ వాట్సాప్ మెసేజ్‌లో నిజమెంత?

వారం రోజులుగా ఒకటే మెసేజ్. మా కాలనీ గ్రూపులో వచ్చింది, డిగ్రీ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, చివరికి కోవూరులో ఉండే మా మేనమామ కూడా పంపించి "చూసినావా అబ్బయా, మన ఊరికి ఎంత అన్యాయం చేస్తా ఉండారో" అని కింద రాశాడు. అందులో ఉన్నది ఇదీ: కొచ్చిలో 6 లక్షల జనానికే మెట్రో ఉంది, నెల్లూరులోనూ దాదాపు అంతే ఉన్నారు. డబ్బంతా కేంద్రం ఇస్తుంది. ఇవ్వకపోయినా హైదరాబాదులో లాగా ప్రైవేటు కంపెనీ సొంత డబ్బుతో కట్టేస్తుంది, ప్రభుత్వానికి పైసా ఖర్చుండదు. మూడేళ్లలో రైలు తిరుగుతుంది. దాంతో ఊళ్లో ట్రాఫిక్ తీరిపోతుంది. సిటీ బస్సులు పాతకాలపు వ్యవహారం, వాటి మీద డబ్బు పెట్టడం దండగ. నెల్లూరు బిడ్డవైతే షేర్ చెయ్యి.

నేను షేర్ చెయ్యలేదు. ఊరి మీద ప్రేమ లేక కాదు, మెట్రో అంటే పడక కూడా కాదు. ఏడేళ్లు హైదరాబాదులో ఉద్యోగం చేశాను, అమీర్‌పేటలో రోడ్డు మధ్యలో రేకులు కట్టి పిల్లర్లు లేపుతున్నప్పుడు వాటి పక్కనుంచే రోజూ పోయాను, మొదటిసారి రైలెక్కి ఆఫీసుకు పోయిన రోజు నిజంగా సంతోషపడ్డాను. కానీ ఈ మెసేజ్‌లోని మాటలు ఒక్కోటీ తీసి చూస్తే నిలబడేవి కావు, పైగా మనకు ఈ ఏడాదే కావాల్సినవాటిని అడక్కుండా చేస్తున్నాయి. నా బాధ అది.

"కొచ్చిలో 6 లక్షల మందికే మెట్రో ఉంది"

అందరినీ నమ్మిస్తున్నది ఈ మాటే, ఎందుకంటే అంకె తప్పు కాదు. 2011 జనాభా లెక్కల్లో కొచ్చి కార్పొరేషన్‌లో 6 లక్షల పైచిలుకు ఉన్నారు, నెల్లూరులో 5 లక్షల పైచిలుకు. కానీ కార్పొరేషన్ హద్దు అనేది కాగితం మీద గీత. కొచ్చి చుట్టూ ఆలువా, కలమశ్శేరి, త్రిక్కాక్కర, త్రిప్పూణిత్తుర లాంటి మున్సిపాలిటీలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటాయి, అవన్నీ కలిపితే అదే లెక్కల్లో 21 లక్షల మంది. మెట్రో మొదలయ్యే ఆలువా అసలు కొచ్చి కార్పొరేషన్‌లోనే లేదు, అవతలి చివర ఉన్న త్రిప్పూణిత్తురా లేదు. అంటే ఆ రైలు వేసింది 6 లక్షల మంది కోసం కాదు. మరి మనకో? వేదాయపాళెం నుంచి పెన్నా బ్రిడ్జి దాకా పది కిలోమీటర్లు కూడా ఉండదు. బ్రిడ్జి దాటితే పడుగుపాడు, కోవూరు, ఆ తర్వాత వరి పొలాలు.

ఇంకో సంగతి, మెట్రో కావాలా వద్దా అని తేల్చేది జనాభా ఒక్కటే కాదు. రద్దీగా ఉండే గంటలో, ఒకే దారిలో, ఒకే వైపుకు ఎంతమంది పోతున్నారన్నదే అసలు కొలత. మామూలు మెట్రోకి తగినంత రద్దీ లేని ఊళ్ల కోసం కేంద్రం 2019లో మెట్రో లైట్ అని తక్కువ ఖర్చుతో కట్టే చిన్న మెట్రో ఒకటి తెచ్చింది, అది గంటకు ఒక వైపు 15,000 మంది దాకా ఉన్న దారులకు. 2020లో మెట్రో నియో అని రబ్బరు టైర్ల మీద కరెంటుతో నడిచేది ఇంకోటి తెచ్చింది, అది 8,000 దాకా. ఈ చిన్న అంకెనే తీసుకుందాం. బస్సుకు 60 మంది చొప్పున 8,000 మందంటే గంటకు 133 బస్సులు, అంటే 27 సెకన్లకు ఒక బస్సు, అదీ నిండుగా, అదీ ఒకే వైపుకు. పొద్దున తొమ్మిదింటికి వీఆర్సీ సెంటర్లో పది నిమిషాలు నిలబడి చూడండి. బైకులు, ఆటోలు, స్కూలు వ్యాన్లు కిక్కిరిసి ఉంటాయి, హారన్లకు చెవులు పగిలిపోతాయి, కానీ అందరూ ఒకే దారిన ఒకే వైపుకు పోరు. దర్గామిట్ట వైపు కొందరు, పొదలకూరు రోడ్డు వైపు కొందరు, స్టోన్‌హౌస్‌పేటకు కొందరు. రోడ్డు ఇరుకైతే రద్దీ కనపడుతుంది, దానికి మెట్రో సరిపడా జనం ఉన్నట్టు కాదు.

ఒంగోలుకు కూడా మెట్రో అని ఇదే మెసేజ్‌ని పేరు మార్చి తిప్పుతున్నారు. 2011 లెక్కల్లో ఒంగోలు జనాభా 2 లక్షల పైచిలుకు. దాని గురించి ఇంకేం చెప్పను.

"డబ్బంతా కేంద్రం ఇస్తుంది"

ఇవ్వదు. 2017 ఆగస్టులో కేంద్ర క్యాబినెట్ మెట్రో రైలు విధానాన్ని ఆమోదించింది. దాని ప్రకారం ముందు ఊరంతటికీ రవాణా ప్రణాళిక తయారు చెయ్యాలి, బస్సులతోనో ఇంకో తక్కువ ఖర్చు పద్ధతితోనో పని జరుగుతుందేమో పోల్చి చూపించాలి, కేంద్రం సాయం కావాలంటే ఏదో ఒక పనిలో ప్రైవేటు భాగస్వామ్యం ఉండాలి. ఇన్ని దాటాక కేంద్రం పెట్టేది సాధారణంగా ఖర్చులో ఐదో వంతు దగ్గర. మిగతాది రాష్ట్రం వాటా, ఎక్కువ భాగం అప్పు. ఢిల్లీ, చెన్నై మెట్రోలకు జపాన్ సంస్థ అప్పిచ్చింది, కొచ్చికి ఫ్రెంచ్ సంస్థ ఇచ్చింది. అప్పు అన్నాక వడ్డీతో సహా తీర్చాలి కదా.

మన రాష్ట్రం సంగతే చూడండి. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలులోనే రాశారు, విశాఖపట్నానికీ విజయవాడ-గుంటూరు-తెనాలి ప్రాంతానికీ మెట్రో సాధ్యాసాధ్యాలు ఏడాదిలోగా పరిశీలించాలని. చట్టంలో రాసుకున్న ఊళ్ల సంగతి ఇది: పదేళ్ల తర్వాత, 2024 డిసెంబరులో, విశాఖ మొదటి దశ 46.23 కిలోమీటర్లకు 11,498 కోట్లు, విజయవాడ మొదటి దశ 38.4 కిలోమీటర్లకు 11,009 కోట్లు అని రాష్ట్ర ప్రభుత్వం అంచనాలు ఆమోదించింది. కిలోమీటరుకు 250 కోట్ల నుంచి 290 కోట్ల దాకా పడుతోంది. 2011 లెక్కల్లోనే 17 లక్షలు దాటిన విశాఖ అన్నేళ్లు ఎదురుచూసింది. మనకు పక్కనే ఉన్న చెన్నైని చూడండి, రెండో దశకు 2020లోనే శంకుస్థాపన జరిగినా కేంద్రం ఆమోదం 2024 అక్టోబరు దాకా రాలేదు, మధ్యలో నాలుగేళ్లు తమిళనాడు ప్రభుత్వమే భారం మోసింది.

"హైదరాబాదులో ప్రభుత్వానికి పైసా ఖర్చు కాలేదు"

ఈ మాట దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇలాంటి మాటనే మన తెలుగువాళ్లం ఒకసారి నమ్మి దెబ్బతిన్నాం. 2008లో హైదరాబాదు మెట్రో టెండరు గెలిచింది మైటాస్ కూటమి, అంటే సత్యం రామలింగరాజు కుటుంబం కంపెనీ ముందుండి నడిపింది. ప్రభుత్వం మాకేమీ ఇవ్వక్కర్లేదు, మేమే ఎదురు 30,311 కోట్లు ఇస్తాం అని ముందుకొచ్చింది. వినడానికి ఎంత బాగుందో! రైలు నడిపితే అంత డబ్బు రాదు, లెక్క అంతా దాంతోపాటు వచ్చే భూముల మీదే అని అప్పట్లో ఢిల్లీ మెట్రో అధిపతిగా ఉన్న శ్రీధరన్ గారు హెచ్చరించారు. ఆ తర్వాత సత్యం కుంభకోణం బయటపడింది, 2009లో ఆ కాంట్రాక్టు రద్దయింది, మళ్లీ మొదటికొచ్చింది.

2010లో ఎల్ అండ్ టీతో ఒప్పందం కుదిరింది. దానికి కూడా కేంద్రం 1,458 కోట్ల సాయం మంజూరు చేసింది, రోడ్డు వెడల్పుకు ఇళ్లూ దుకాణాలూ సేకరించే ఖర్చు రాష్ట్రం పెట్టుకుంది, డిపోల దగ్గరా స్టేషన్ల దగ్గరా మాల్స్, ఆఫీసులు కట్టుకోవడానికి స్థలాలు కూడా ఇచ్చింది. పంజాగుట్టలో, హైటెక్ సిటీలో మెట్రో మాల్స్ మీరూ చూసే ఉంటారు. ఇన్ని ఇచ్చినా, రోజుకు నాలుగైదు లక్షల మంది ఎక్కుతున్నా, కంపెనీకి ఏటా నష్టాలే వచ్చాయి. 2025 మేలో గరిష్ఠ టికెట్ 60 రూపాయల నుంచి 75కి పెంచి, జనం గోల చేస్తే 69కి తగ్గించారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వమే ఆ మెట్రోని తీసుకోవడానికి ఒప్పుకుంది, దాంతోపాటు సుమారు 13,000 కోట్ల అప్పు కూడా. అంటే పైసా ఖర్చు లేదన్న మెట్రో చివరికి ఎక్కడ తేలిందో చూడండి.

హైదరాబాదు ఒక్కటే కాదు. ఢిల్లీ ఎయిర్‌పోర్టు లైను 2011లో రిలయన్స్ ఇన్‌ఫ్రా మొదలుపెట్టి 2013లో వదిలేసింది, గుర్‌గావ్ ర్యాపిడ్ మెట్రోని కట్టిన ప్రైవేటు కంపెనీ 2019లో వదిలేసింది. రెండింటినీ ఇప్పుడు నడుపుతున్నది ఢిల్లీ మెట్రో, అంటే ప్రభుత్వాల సంస్థ. ఢిల్లీ, హైదరాబాదు లాంటి చోట్లే టికెట్ డబ్బుతో ప్రైవేటువాళ్లకు గిట్టుబాటు కాకపోతే నెల్లూరులో ఎవరొచ్చి కడతారు?

"మూడేళ్లలో రైలు తిరుగుతుంది"

కలకత్తాలో 1972లో శంకుస్థాపన, 1984లో మొదటి రైలు, అదీ 3.4 కిలోమీటర్లు. హైదరాబాదులో 2010 ఒప్పందం, 2017 నవంబరు 28న మొదటి రైలు, 2020లో మొదటి దశ చివరి ముక్క, పాతబస్తీ ముక్క అప్పటికీ మిగిలే ఉంది. కొచ్చి వాళ్లు చాలా వేగంగా కట్టారని పేరు. వాళ్లకు కూడా 2013లో పని మొదలుపెడితే 2017లో 13 కిలోమీటర్లు తెరుచుకున్నాయి, త్రిప్పూణిత్తుర చేరేసరికి 2024.

"ట్రాఫిక్ తీరిపోతుంది"

నెల్లూరులో ట్రాఫిక్ ఎందుకు ఆగుతుందో ఈ మెసేజ్ రాసినవాళ్లు ఒక్కసారైనా గమనించారో లేదో. మన ఊరిని రైలు పట్టాలు రెండుగా కోసేస్తున్నాయి. అటు నుంచి ఇటు రావాలంటే ఉన్నవి కొన్ని అండర్ బ్రిడ్జిలే. ఆత్మకూరు బస్టాండు దగ్గరైనా, మాగుంట లేఅవుట్ దగ్గరైనా గట్టిగా ఓ గంట వాన పడితే నీళ్లు నిలుస్తాయి, అందరూ ఇంకో దారికి తిరుగుతారు, ఆ దారి కూడా బిగుసుకుపోతుంది. పోయిన వానల్లో మా అమ్మని డాక్టరు దగ్గరకు తీసుకుపోతూ అట్టా ఇరుక్కుపోయాం, ఆటోలో ఆమె పక్కన కూర్చుని ఎంత టెన్షన్ పడ్డానో నాకే తెలుసు. పైన ఎంత అందమైన మెట్రో లైను వేసినా కింద ఆ నీళ్లు అట్టాగే నిలబడి ఉంటాయి.

ఇంకోటి ఆస్పత్రులన్నీ ఉండే పొగతోట. ఆత్మకూరు, పొదలకూరు, రాపూరు, కావలి వైపు నుంచి రోగులు, వాళ్లతో వచ్చినవాళ్లు రోజూ ఆ సందుల్లోకే వస్తారు. బస్టాండులో దిగి రెండు కిలోమీటర్ల లోపు దూరానికి ఆటోకు వాళ్లు అడిగినంత ఇచ్చుకోవాలి. ఆస్పత్రులకు పార్కింగు లేక బైకులూ కార్లూ రోడ్డు మీదే. రెండు కిలోమీటర్లకు ఎవరైనా మెట్లెక్కి, టికెట్ తీసుకుని, ప్లాట్‌ఫారం మీద నిలబడి, మళ్లీ మెట్లు దిగి పోతారా? అందులోనూ మోకాళ్ల నొప్పులతో వచ్చిన ముసలామె?

హైదరాబాదులో మెట్రో వచ్చాక అమీర్‌పేట రోడ్డు ఖాళీ కాలేదు. రైలెక్కిన మాలాంటివాళ్లకు సుఖం దొరికింది, అది నిజం, అది చిన్న విషయం కాదు. కానీ మేము వదిలిన చోటును కొత్త కార్లు నింపేశాయి.

"సిటీ బస్సులు పాతకాలం"

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఈ మాట. మెట్రో ఉన్న ప్రతి పెద్ద నగరంలోనూ బస్సులు నడుస్తూనే ఉన్నాయి. స్టేషన్ దాకా జనాన్ని తెచ్చేది బస్సే, అది లేని చోట మెట్రో కూడా ఖాళీగా పోతుంది. మనకున్న ఇబ్బంది బస్సు పాతబడిపోవడం కాదు, రాకపోవడం. హరనాథపురం నుంచి మెయిన్ బస్టాండుకు పోవాలంటే సిటీ బస్సు కోసం ఎదురుచూసే అలవాటే మనకు లేదు, చెయ్యి ఎత్తితే ఆగేది షేర్ ఆటో.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కానీ మన వీధి దగ్గరికి బస్సే రాకపోతే ఆ హక్కు ఏం చేసుకోవాలి? బట్టల షాపులో పనిచేసే అమ్మాయి నెల జీతంలో ఎంత ఆటోలకు పోతుందో ఆమెనే అడగండి. 2023 ఆగస్టులో కేంద్రం ప్రకటించిన పీఎం ఈ-బస్ సేవ పథకం 3 లక్షల నుంచి 40 లక్షల జనాభా ఉన్న ఊళ్ల కోసమే, మొత్తం 10,000 ఎలక్ట్రిక్ బస్సులు. నెల్లూరు ఆ కొలతకు సరిగ్గా సరిపోతుంది. విశాఖ అంచనా లెక్కన పది కిలోమీటర్ల మెట్రోకు 2,500 కోట్లు. ఎలక్ట్రిక్ బస్సు ఒకటి కోటి, కోటిన్నర. ఎన్ని వస్తాయో మీరే చూసుకోండి, అదీ మెట్రోలాగా ఒకే గీత మీద కాదు, ఊరంతా తిరిగేవి.

రైలే కావాలంటే ఉన్న రైలు సంగతి ఎందుకు అడగరు? విజయవాడ-గూడూరు మూడో లైను 288 కిలోమీటర్లు, అంచనా 3,246 కోట్లు, అంటే కిలోమీటరుకు పదకొండు కోట్ల చిల్లర. ఆ పట్టాల మీద మన ఊళ్లోనే వేదాయపాళెం, నెల్లూరు సౌత్, నెల్లూరు, పెన్నా అవతల పడుగుపాడు, ఇన్ని స్టేషన్లు ఇప్పటికే ఉన్నాయి. హైదరాబాదులో 2003లో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు మొదలైంది ఇట్టాగే, ఉన్న పట్టాల మీద. చెన్నై లోకల్ రైళ్లు సూళ్లూరుపేట దాకా వస్తున్నాయి. పొద్దున ఆఫీసు టైముకు, సాయంత్రం ఇంటికి పోయే టైముకు కావలి నుంచి గూడూరు దాకా అరగంటకో మెమూ, అంటే దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే కరెంటు రైలు, నడిస్తే ఎన్ని బైకులు హైవే ఎక్కకుండా ఆగుతాయి!

మా మామకు ఇదంతా ఫోన్లో చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "అయితే ఏం అడగమంటావ్ అబ్బయా?" అన్నాడు. కోవూరు నుంచి పొగతోట మీదుగా వేదాయపాళెం దాకా పది నిమిషాలకో బస్సు అడుగు మామా అన్నాను. వానాకాలం రాకముందే అండర్ బ్రిడ్జిల్లో సరైన మోటార్లు పెట్టి కాలువల పూడిక తీయమని అడుగు. పొద్దున ఎనిమిదిన్నరకు పడుగుపాడులో ఆగే మెమూ ఒకటి అడుగు. ఆ మూడూ రాసి పంపు, అది నేను అన్ని గ్రూపుల్లో పెడతాను అన్నాను.