ఫెయిల్ చేస్తే చదువు వస్తుందా?

ఈ వారంలో ఒకే సందేశం నాకు నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో వచ్చింది. మా అంబర్‌పేట కాలనీ గ్రూపులో దాన్ని పెట్టిన పెద్దాయనంటే నాకు గౌరవం. అందుకే ఊరుకోలేక ఇంత వివరంగా రాస్తున్నాను. సందేశంలో ఉన్నది ఇది: "మా రోజుల్లో అయిదో తరగతికే అందరం ఇరవై ఎక్కాలు అప్పజెప్పేవాళ్లం. ఫెయిల్ చేయడం ఎత్తేశాక చదువులు నాశనమయ్యాయి. హైదరాబాద్‌లో అయిదో తరగతి పిల్లల్లో సగం మందికి రెండో తరగతి పాఠం చదవడం రాదని అసర్ నివేదిక తేల్చింది. ప్రైవేటు బడుల్లో ఈ బాధ లేదు, తప్పంతా సర్కారు టీచర్లది. మళ్లీ ఫెయిల్ చేయడం మొదలుపెడితే అన్నీ చక్కబడతాయి."

అసర్ అంటే పిల్లల చదువుల మీద ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చేసే సర్వే. ఆ బృందాలు పల్లెల్లో ఇంటింటికీ తిరిగి పిల్లల చేత చదివిస్తాయి. ఆ సర్వేలో హైదరాబాద్ లేదు. "సగం మంది" అన్నది దేశంలోని గ్రామీణ పిల్లల లెక్క. బాధ మాత్రం నిజమే, దాన్ని నేను కాదనను. రెండో తరగతి పాఠం చదవగలిగిన అయిదో తరగతి పిల్లలు 2018లో సగం మంది ఉంటే 2022 నాటికి 43 శాతానికి పడిపోయారు. మధ్యలో ఏం జరిగిందో మనందరికీ తెలుసు. 2020 మార్చిలో మూతపడ్డ ప్రాథమిక బడులు మన రాష్ట్రంలో తెరుచుకున్నది 2021 సెప్టెంబరులో.

"మా రోజుల్లో అందరం" అన్నచోట నాకు మరీ కష్టం కలిగింది. ఆ అందరూ ఎవరు? 1991 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడేళ్లు, అంతకు పైబడినవారిలో చదవడం, రాయడం వచ్చినవారు 44 శాతం. ఆడవాళ్లలోనైతే 33 శాతం కూడా లేరు. ఎక్కాలు రానివాళ్లు ఆనాడూ ఉన్నారు. వాళ్లు బర్రెల వెంట, బీడీల చాటల ముందు ఉన్నారు కాబట్టి తరగతి గదిలో కనిపించలేదు. ఇవాళ వాళ్ల మనవలు బడికి వస్తున్నారు, అందుకే మన కంట పడుతున్నారు.

ప్రైవేటు బడుల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2024 అసర్‌లోనే పల్లెల ప్రైవేటు బడుల్లో అయిదో తరగతి పిల్లల్లో ప్రతి పదిమందిలో నలుగురు రెండో తరగతి పాఠం చదవలేకపోయారు. ఇక టీచర్లంటారా, 2017 నోటిఫికేషన్ తర్వాత తెలంగాణలో టీచర్లను తీసుకునే డీఎస్సీ పరీక్ష మళ్లీ జరిగింది 2024లోనే, 11,062 పోస్టులకు. అన్నేళ్లు ఖాళీలు పెట్టి, ఒక్క టీచరుకు అయిదు తరగతులు అప్పగించి, చివరికి ఆ టీచరునే తిట్టడం న్యాయం కాదు.

అసలు విషయం ఫెయిల్ చేయడం. విద్యాహక్కు చట్టం 2010లో అమల్లోకి వచ్చి దాన్ని ఆపింది. 2019 సవరణ కోరుకున్న రాష్ట్రాలకు మళ్లీ అనుమతి ఇచ్చింది కానీ అయిదు, ఎనిమిది తరగతుల్లో మాత్రమే. మూడో తరగతిలో ఫెయిల్ చేయడానికి ఏ రాష్ట్రానికీ అధికారం లేదు. అయినా అసర్ ప్రకారం దేశంలోని పల్లెల ప్రభుత్వ బడుల్లో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2022లో 16 శాతం ఉంటే 2024లో 23 శాతం అయ్యారు. ఎవరినీ ఫెయిల్ చేయకుండానే పెరిగారు.

మా వరండాలో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా బస్తీ పిల్లలకు లెక్కలు చెబుతాను. ఆరో తరగతి పిల్లవాడొకడు పలక మీద వందలోంచి 38 తీసేసి 138 అని రాశాడు. సున్నాలోంచి ఎనిమిది పోదు కాబట్టి ఎనిమిదిలోంచి సున్నా తీశాడు, పక్క గడిలోనూ అదే చేశాడు. తీసివేస్తే ఎక్కువెలా అయిందన్న అనుమానమే రాలేదు. వాళ్లమ్మది కూరగాయల బండి. "ముప్ఫై ఎనిమిది రూపాయల కూరలు కొని వంద నోటిస్తే ఎంత తిరిగి ఇస్తావురా?" అన్నాను. "అరవై రెండు" అన్నాడు, నా మాట పూర్తవకముందే.

కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో తదితరులు చేసిన పరిశోధన 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. అక్కడా ఇదే తేలింది. బేరం లెక్కలు చకచకా చేసే పిల్లలు అవే లెక్కలు బడి పద్ధతిలో ఇస్తే తడబడ్డారు.

ఈ పిల్లవాడికి బుర్ర ఉంది, భయమూ ఉంది. లేనిదల్లా స్థానవిలువ, అంటే ఒకట్లు, పదులు, వందల లెక్క. అది రెండో తరగతి పాఠం. వాణ్ని ఫెయిల్ చేసి అయిదులో ఉంచితే మళ్లీ అయిదో తరగతి పుస్తకమే, మళ్లీ భిన్నాలే చెబుతారు. వాడు ఆగిపోయిన చోటికి ఎవరూ వెనక్కి వెళ్లరు. 2022లో మన ప్రాథమిక బడుల్లో మొదలైన తొలిమెట్టు అనే కార్యక్రమం అలా వెనక్కి వెళ్లడానికి పెట్టిందే. సందేశంలో దాని ఊసే లేదు.

నేను వంద నోటును పది పదులుగా, అందులో ఒక పదిని రూపాయి బిళ్లలుగా వాడి చేతే మార్పించాను. రెండు వారాలు పట్టింది. ఇప్పుడు పలక మీద కూడా 62 వస్తోంది. ఇంకా పదకొండు మంది ఉన్నారు. ఆ పెద్దాయనకు ఇరవై ఎక్కాలూ ఈనాటికీ నోటికి వచ్చు, ఇల్లు మా వెనక వీధిలోనే. వారానికి రెండు సాయంత్రాలు రమ్మని ఆయన్ను ఇక్కడే అడుగుతున్నాను.