గోడ మీది బీట కోర్టుకు చేరేలోగా

గోడ బీట వారితే మన ఇళ్లలో మొదట పిలిచేది మేస్త్రిని. ఆయన వచ్చి బీటను ఉలితో కాస్త వెడల్పు చేసి, సిమెంటు కూరి, పైన లప్పం రాసి వెళ్తాడు. పండగ దగ్గర్లో ఉంటే రంగు కూడా పడుతుంది. కొన్నాళ్లకు అదే బీట మళ్లీ తేలుతుంది. అప్పుడు ఇంజినీరు వస్తాడు. గొడవ ముదిరాక వకీలు దగ్గరికి వెళ్తారు. ఆ సరికి కోర్టుకు చూపించాల్సిన మొదటి బీట గోడ మీద లేదు. అది ఎప్పుడు పడింది, ఎంత వెడల్పుంది, ఎటు నుంచి ఎటు పాకింది అన్నవి ఇంట్లోవాళ్ల జ్ఞాపకంలోనూ, ఎవరి ఫోనులోనో ఉన్న రెండు మసక ఫొటోల్లోనూ మాత్రమే మిగిలాయి.

కట్టడాల వివాదాల్లో న్యాయం తమ వైపే ఉన్నా ఓడిపోయేవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఓడిపోతున్నారని నా అభిప్రాయం. చట్టం లేక కాదు, చదువుకున్న ఇంజినీర్లు లేక అంతకన్నా కాదు. ఇంజినీరు కంటితో చూసింది కోర్టులో సాక్ష్యంగా నిలబడాలంటే ఏం చేయాలో మొదటి రోజున ఎవరూ ఆలోచించకపోవడం వల్ల.

హైదరాబాద్‌లో, విశాఖలో, విజయవాడలో తరచూ వినిపించే ఫిర్యాదునే తీసుకుందాం. పక్క స్థలంలో సెల్లారు కోసం ఇరవై అడుగులు తవ్వారు, మా ఇల్లు పగిలింది. ఇంటి యజమాని ఒక స్ట్రక్చరల్ ఇంజినీరును పిలుస్తాడు. ఆయన గంటసేపు తిరిగి చూసి, రెండు పేజీల నివేదిక ఇస్తాడు. ‘పక్క స్థలంలో జరిగిన తవ్వకం వల్లే ఈ పగుళ్లు ఏర్పడ్డాయి’ అని చివర్లో రాసి, సంతకం చేసి, స్టాంపు వేస్తాడు. ఆయన చెప్పింది నిజమే కావచ్చు. కానీ ఎదుటి పక్షం వకీలు క్రాస్ ఎగ్జామినేషన్‌కు లేచాక వచ్చే ప్రశ్నలు ఇలా ఉంటాయి. ‘‘ఆ ఇంటికి ఏ తేదీన వెళ్లారు? పగులు వెడల్పు దేనితో కొలిచారు? పక్క స్థలంలోకి దిగి తవ్వకం లోతు చూశారా? ఈ ఇంటి పునాది ఎంత లోతుందో తవ్వించి చూశారా? తవ్వకానికి ముందు ఈ పగుళ్లు లేవని మీకెలా తెలుసు?’’ ఆఖరి ప్రశ్నకు ‘‘ఇంటి యజమాని చెప్పారు’’ అన్నదే జవాబైతే ఆ నివేదిక బలం అక్కడే సగం పోయింది.

2024 జులై 1 నుంచి పాత ఎవిడెన్స్ యాక్టు స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లో ఉంది. నిపుణుల అభిప్రాయం గురించి పాత చట్టంలోని 45వ సెక్షన్ ఇప్పుడు 39వ సెక్షన్ అయింది. శాస్త్రం, కళ అన్న పాత మాటలకు తోడు ‘మరే ఇతర రంగమైనా’ అన్న మాట చేరింది. అంటే భవనాల సర్వేయర్లకు తలుపు ఇంకాస్త బార్లా తెరుచుకుంది. కానీ తలుపు తెరిచినంత మాత్రాన లోపల కుర్చీ వేసినట్టు కాదు. హిమాచల్ ప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ జైలాల్ కేసులో 1999లో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇప్పటికీ చెల్లుతుంది. అది ఆపిల్ తోటల దిగుబడి అంచనాకు సంబంధించిన వివాదం. తోటలు చూసి అంచనా కట్టిన ఉద్యాన అధికారికి ఆ విషయంలో ప్రత్యేకమైన అధ్యయనం ఉందని రుజువు కాలేదు కాబట్టి ఆయన్ను నిపుణుడిగా కోర్టు ఒప్పుకోలేదు. నిపుణుడు తన నిర్ణయాన్ని జడ్జి చేతిలో పెట్టి వెళ్లడం కాదు, ఆ నిర్ణయాన్ని జడ్జి తానే పరీక్షించుకోవడానికి కావలసిన ఆధారాలను, ప్రమాణాలను ఇవ్వాలని ఆ తీర్పు సారం. మన ఇంజినీర్ల నివేదికల్లో నిర్ణయం ఉంటుంది. అక్కడిదాకా వచ్చిన దారి ఉండదు.

ఈ కొత్త సాక్ష్య చట్టంలోని రెండు చిన్న నియమాలను ప్రతి సర్వే ఇంజినీరూ గుర్తుపెట్టుకోవాలి. 55వ సెక్షన్ ప్రకారం నోటిమాట సాక్ష్యం ప్రత్యక్షమైనదై ఉండాలి. చూసిన విషయమైతే చూసినవాడే చెప్పాలి, అభిప్రాయమైతే ఆ అభిప్రాయం ఉన్నవాడే చెప్పాలి. మన కన్సల్టెన్సీల్లో జరిగేదేమిటి? సైటుకు వెళ్లేది జూనియర్. కొలతలు తీసేది అతనే. నివేదిక మీద సంతకం మాత్రం ఎన్నడూ ఆ మెట్లెక్కని సీనియర్‌ది. బోనులో నిలబడ్డప్పుడు ఆ సీనియర్ దగ్గర పేరుంది, అనుభవం ఉంది, కానీ చూసిన కళ్లు లేవు.

రెండోది 162వ సెక్షన్. ఒక పని జరిగినప్పుడే, లేదా జ్ఞాపకం చెదరకముందే, సాక్షి తాను రాసుకున్న కాగితాన్ని చూసి బోనులో జ్ఞాపకం తెచ్చుకోవచ్చు. నిపుణుడు తన వృత్తి గ్రంథాలను కూడా చూడవచ్చు. సివిల్ కేసు విచారణకు వచ్చేసరికి ఏళ్లు గడిచిపోయే మన దగ్గర ఇది ఎంత విలువైన సౌకర్యం! సైటులో పెన్నుతో రాసుకున్న పుస్తకం, ఏ గదిలో ఏ గోడ, నేల నుంచి ఎంత ఎత్తులో, పగులు ఎన్ని మిల్లీమీటర్లు, టైమెంత, పక్కన ఎవరున్నారు అన్నవి ఉన్న ఆ మాసిన పుస్తకం, తర్వాత ఆఫీసులో అందంగా టైపు చేయించిన నివేదిక కంటే గట్టిది. ఆ కాగితాన్ని చూసే హక్కు, దాని మీద ప్రశ్నలు వేసే హక్కు ఎదుటి పక్షానికీ ఉంటాయి. అందుకే కొట్టివేతలు కూడా కొట్టివేతల్లాగే ఉండాలి. నివేదిక టైపయ్యాక ఆ పుస్తకాన్ని పారేసేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది.

పక్క తవ్వకం కేసుకే మళ్లీ వద్దాం. అసలు కోర్టు అడిగే ప్రశ్న ఏమిటో తెలియకుండా ఎన్ని కొలతలు తీసినా లాభం లేదు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం (పక్కవారి ఆస్తి మీద మనకుండే అనుభవ హక్కుల చట్టం) 7వ సెక్షన్ ప్రకారం పక్క నేల ఆసరా పొందే సహజ హక్కు మన నేలకు ఉంది. అయితే అది సహజస్థితిలో ఉన్న నేలకు. మనం దాని మీద మూడంతస్తులు కట్టి అదనపు బరువు పెడితే ఆ బరువుకు సహజ హక్కు లేదు. ఆ ఆసరాను 20 ఏళ్లపాటు ఆటంకం లేకుండా, హక్కుగా అనుభవించి ఉంటే 15వ సెక్షన్ కింద హక్కు ఏర్పడుతుంది. కాబట్టి ఇంజినీరు తేల్చాల్సిన మొదటి సంగతి పగులు వెడల్పు కాదు, ఇంటి వయసు. ఏ అంతస్తు ఎప్పుడు కట్టారు? ప్లాన్ మంజూరు, ఆస్తి పన్ను రికార్డు, కరెంటు మీటరు తేదీ ఏం చెబుతున్నాయి? ఆ తర్వాతి ప్రశ్న ఇంకా కష్టమైనది. ఇల్లు లేకపోయినా ఆ నేల కుంగి ఉండేదా? దీనికి మట్టి పరీక్ష కావాలి, తవ్వకం అంచుకూ పునాదికీ మధ్య దూరం కావాలి. తవ్వకం నిర్లక్ష్యంగా జరిగిందన్న వాదన వేరే దారి. దానికి షోరింగ్ (గొయ్యి అంచులు కూలకుండా పెట్టే ఆసరా) ఉందా లేదా అన్నది ఆ రోజున చూసి ఉండాలి. రిటైనింగ్ వాల్ కట్టి మట్టి పూడ్చేశాక అది చూడటం ఎవరి తరమూ కాదు.

పగులు వయసు చెప్పడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. బీట లోపలి అంచుల దాకా పాత రంగు దిగి ఉంటే ఆఖరిసారి రంగు వేసేనాటికే అది ఉందన్నమాట. అంచులు పదునుగా, లోపల సిమెంటు తాజాగా కనిపిస్తే కొత్తది. లోపల దుమ్ము, సాలెగూడు, నల్లబడ్డ చెమ్మ మరక ఉంటే పాతది. బీటకు అడ్డంగా సన్నని గాజు పలక అతికించి తేదీ రాస్తే, అది పగిలిన రోజున కదలిక ఇంకా ఆగలేదని తెలుస్తుంది. మన పాత మేస్త్రీలకు తెలిసిన విద్యే ఇది. లోపం ఒక్కటే, కాగితం మీద పెట్టకపోవడం.

కాంక్రీటు బలం మీద తగాదా వస్తే పరిస్థితి మరోలా ఉంటుంది. బిల్డర్ల మీద ఫిర్యాదుల్లో రీబౌండ్ హామర్ (కాంక్రీటు మీద కొట్టి దాని బలం అంచనా కట్టే సుత్తి) రీడింగులు పట్టికగా వేసి ‘కాంక్రీటు నాసిరకం’ అని తేల్చేస్తారు. ఆ రీడింగుతో కట్టే అంచనాలో 25 శాతం అటూ ఇటూ తేడా ఉండొచ్చని 2020 దాకా అమల్లో ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 13311 స్వయంగా చెప్పింది. పైగా ఏళ్లు గడిచి కార్బనేషన్‌తో (గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చర్యతో) ఉపరితలం గట్టిపడిన కాంక్రీటు ఆ సుత్తికి ఉన్నదానికంటే బలంగా కనిపిస్తుంది. కోర్టులో ఎక్కువ బలం కోర్ పరీక్షది, అంటే కట్టిన కాంక్రీటులోంచి గుండ్రటి ముక్క కోసి ల్యాబులో నలిపి చూడటానిది. ఐఎస్ 456 ప్రకారం కనీసం 3 కోర్లు తీయాలి. వాటి సగటు బలం, క్యూబు బలానికి (ఘనాకారపు ప్రామాణిక నమూనా బలానికి) మార్చి చూసినప్పుడు, ఆ గ్రేడుకు ఉండాల్సిన దానిలో 85 శాతమైనా ఉండాలి, ఏ ఒక్క కోరూ 75 శాతం కంటే తగ్గకూడదు. ఇంత స్పష్టమైన కొలబద్ద ఉన్నా కేసులు నీరుగారేది ఎక్కడ? ఆ కోర్ ఏ కాలమ్‌ది అన్న దగ్గర. కోస్తున్నప్పుడు ఎదుటి పక్షాన్ని పిలిచారా, కోసిన వెంటనే నంబరు వేశారా, సీలు మీద ఎవరి సంతకాలున్నాయి, ల్యాబుకు ఎవరు తీసుకెళ్లారు, రసీదు ఎక్కడ? పోలీసు కేసులో పంచనామా ఎంత ముఖ్యమో ఇక్కడ ఇదంతా అంతే ముఖ్యం. ఫ్లాటు కొన్నవాళ్లకు రెరా చట్టం (స్థిరాస్తి నియంత్రణ చట్టం) 14వ సెక్షన్ మంచి హక్కే ఇచ్చింది. స్వాధీనం చేసిన నాటి నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం చూపిస్తే 30 రోజుల్లో ఖర్చు లేకుండా సరిచేయాలి. ‘చూపిస్తే’ అన్న ఆ ఒక్క మాటలోనే ఈ కథంతా ఉంది.

ఫొటోల సంగతీ అంతే. ఫోనులోని ఫొటోను ప్రింటు తీసి దాఖలు చేస్తే చాలదు, సర్టిఫికెట్ ఉండాలని 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద ఆ సర్టిఫికెట్ రెండు భాగాలైంది. ఒకటి దాఖలు చేసేవాళ్లు ఇవ్వాలి, రెండోది నిపుణుడు ఇవ్వాలి, ఫైలు హాష్ విలువ (ఫైలు ఏమాత్రం మారినా మారిపోయే, దాని వేలిముద్ర లాంటి అంకె) కూడా రాయాలి. వాట్సాప్‌లో చేతులు మారి కుదించుకుపోయిన ఫొటోకు అసలు ఫైలుతో హాష్ కలవదు. తీసిన ఫోనులోని అసలు ఫైలును ఆ రోజే భద్రపరచడం వకీలు చెప్పాల్సిన మొదటి సలహా కావాలి.

ఇక కోర్టు చేతిలోని సాధనాలు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డర్ 9వ రూల్ కింద అడ్వకేట్ కమిషనర్‌ను (కోర్టు తరఫున స్థలం చూసి రావడానికి ఒక వకీలును) వేయడం మనవాళ్లందరికీ తెలుసు. ఆయన మండల సర్వేయర్‌ను వెంటబెట్టుకుని వెళ్లి కొలిచి, ప్లాను గీసి, నివేదిక ఇస్తాడు. హద్దు గొడవకు అది సరిపోతుంది. స్లాబు ఎందుకు కుంగిందన్న ప్రశ్నకు సరిపోదు. దానికోసమే 10ఎ రూల్ ఉంది, శాస్త్రీయ పరిశోధనకు కమిషన్ వేయవచ్చు. దాన్ని అడిగే పిటిషన్లు చాలా తక్కువ. అంతకంటే తక్కువగా వాడుకునేది 39వ ఆర్డర్ 7వ రూల్. వివాదంలో ఉన్న ఆస్తిలోకి వెళ్లడానికి, నమూనాలు తీయడానికి, పరీక్షలు జరపడానికి కోర్టు అనుమతించవచ్చు. నోటీసు ఇచ్చేలోగా పని చెడిపోతుందనుకుంటే నోటీసు లేకుండానే ఉత్తర్వు ఇచ్చే వీలు 8వ రూల్‌లో ఉంది. తవ్విన గొయ్యి పూడ్చకముందు, పగులుకు లప్పం పట్టకముందు వెళ్లడానికి ఇంతకంటే మంచి మార్గం లేదు. ‘సాక్ష్యం సేకరించి పెట్టడం కోర్టు పని కాదు’ అన్న అభ్యంతరంతో కమిషన్ పిటిషన్లు కొట్టేయడం మామూలైపోయింది. ఎవరి స్వాధీనంలో ఉందో తేల్చడానికి కమిషనర్‌ను అడిగితే ఆ అభ్యంతరం సరైనదే. కరిగిపోతున్న భౌతిక ఆనవాలును నిలబెట్టమని అడిగినప్పుడూ అదే జవాబు చెప్పడం అన్యాయం.

కొలత ఎంత బలమైనదో నోయిడా జంట టవర్ల కేసు చూపించింది. 2021 ఆగస్టు 31 నాటి తీర్పులో సుప్రీంకోర్టు వాటిని కూల్చమంది. కారణాల్లో ముఖ్యమైనది ఆ టవర్లలో ఒకదానికీ పక్కనే ఉన్న మరో భవనానికీ మధ్య ఉండాల్సిన ఖాళీ. 16 మీటర్లు ఉండాల్సిన చోట 9 మీటర్లే ఉంది. ఆ కొలతను నిపుణుడి పేరు ప్రతిష్ఠలు పెంచలేవు, తగ్గించలేవు. 2022 ఆగస్టు 28న ఆ టవర్లు నేలమట్టమయ్యాయి. ప్రతి కేసూ ఇలా టేపుతో తేలదు. కానీ నివేదికలో కొలిచింది ఏది, ఊహించింది ఏది అని విడివిడిగా రాస్తే, ఊహ మీద దెబ్బ పడినా కొలత మిగులుతుంది.

ఊహ దగ్గరే అసలు చిక్కు. మన దగ్గర ప్రతి పక్షానికీ దాని ఇంజినీరు ఉంటాడు, ఫీజు ఇచ్చినవారి వైపే నివేదిక మొగ్గుతుంది. ఇంగ్లండ్‌లో సివిల్ ప్రొసీజర్ రూల్స్ 35వ భాగం నిపుణుడి బాధ్యత కోర్టు పట్ల అని, ఫీజు ఇచ్చినవారి పట్ల ఉన్న బాధ్యత కంటే అదే పెద్దదని రాసిపెట్టింది. ఇద్దరు నిపుణులూ కూర్చుని, ఎక్కడ ఏకీభవిస్తున్నారో, ఎక్కడ విభేదిస్తున్నారో, ఎందుకో రాసివ్వమని అక్కడి కోర్టు ఆదేశించగలదు. ఢిల్లీ హైకోర్టు 2018 నాటి ఒరిజినల్ సైడ్ (హైకోర్టులోనే నేరుగా వేసే దావాల) నియమాల్లో ఇద్దరు నిపుణులను ఒకేసారి కూర్చోబెట్టి ప్రశ్నించే పద్ధతికి చోటిచ్చింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 122వ సెక్షన్ కింద కింది కోర్టులకు నియమాలు చేసే అధికారం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులకూ ఉంది. పార్లమెంటు కోసం ఎదురుచూడక్కర్లేదు. భవన నిపుణుడి నివేదికకు ఒక నమూనా, అందులో సైటుకు వెళ్లినవారి పేర్లు, ఫీల్డు పుస్తకం ప్రతి, వాడిన పరికరం, దాని కాలిబ్రేషన్ (కొలత సరిగ్గా ఉందో లేదో చూసిన) తేదీ, తనకు అనుకూలం కాని ఆనవాళ్ల జాబితా, కోర్టు పట్ల బాధ్యతను ఒప్పుకునే సంతకం. పక్షాలిద్దరి సమక్షంలో ఒకే తనిఖీ, అదీ దావా వేసిన కొద్ది వారాల్లోనే. ఈ రెండూ నియమాలుగా వస్తే, తవ్వకం పక్కనున్న ఇంటివాళ్లు మేస్త్రిని పిలిచే ముందు ఎవరిని పిలవాలో వాళ్ల వకీలు ధైర్యంగా చెప్పగలుగుతాడు.