‘పుచ్చుకోండి’ అంటే ఇంటికి పుచ్చు పడుతుందా?

వారం రోజుల్నుంచి ఒకటే మెసేజ్. పొద్దున స్కూల్ బ్యాచ్ గ్రూపులో, మధ్యాహ్నం చుట్టాల గ్రూపులో, రాత్రికి వీధి గ్రూపులో, కింద వరసగా దణ్ణాల బొమ్మలు. సంగతేంటంటే: ‘పుచ్చుకోండి’ అనకూడదట, పుచ్చు అంటే కుళ్ళట, శుభకార్యంలో ఆ మాటంటే ఆ ఇంటికి పుచ్చు పడుతుందట, చివర ‘కొను’ ఉంది కాబట్టి అది డబ్బిచ్చి కొనే బేరం మాటట, గోదావరి యాసే తప్ప నిఘంటువుల్లో లేదట, అచ్చ తెలుగులో ‘స్వీకరించండి’ అనాలట, ఎలాగూ ఇప్పటి పిల్లలు అనట్లేదట. పంపుతున్నదెవరు? అమలాపురం, రాజోలు, ముమ్మిడివరం వాళ్ళు. ఊహ తెలిసినప్పట్నుంచీ ఇంట్లో ఆ మాట విని పెరిగినవాళ్ళు. అందుకే ఒళ్ళు మండి రాస్తున్నాను.

‘కొను’ గొడవ ముందు తేల్చేద్దాం. నవ్వుకోడానికి, తలుచుకోడానికి ఎవరికి డబ్బు కడుతున్నాం? కొను అంటే మొదట్నుంచీ తీసుకోవడమే, గైకొను అంటే చేత్తో తీసుకోవడం, తమిళంలో కొళ్ అన్నా అంతే. అయిపోయింది.

నిఘంటువుల్లో లేదా? 1852లో అచ్చైన బ్రౌన్ నిఘంటువు తీసి చూడండి, తీసుకోవడం, అందుకోవడం అనే అర్థాలతోనే ఉంది. కడపలో పండితుల్ని పెట్టుకుని పనిచేసిన మనిషి ఆయన, గోదావరి యాస పుస్తకం రాయలేదు. అయినా పేపర్లో రోజూ వచ్చే ‘ఇచ్చిపుచ్చుకునే ధోరణి’ ఏ జిల్లా యాస?

ఇక ‘స్వీకరించండి’ అచ్చ తెలుగట. అది సంస్కృతం బాబూ. స్వీకారం అంటే తనదిగా చేసుకోవడం. మంచి మాటే, ప్రమాణ స్వీకారానికి, బాధ్యతల స్వీకారానికి అదే బాగుంటుంది, నాకేం పేచీ లేదు. కానీ సంస్కృతం మాటని అచ్చ తెలుగని చెప్పి, ఉన్న తెలుగు మాటని కుళ్ళని తీసి పారేస్తుంటే భాషాభిమానం అంటారేంటి దాన్ని?

అసలు విషం ఆ మూడో ముక్కలో ఉంది, ఇంటికి పుచ్చు పడుతుందన్న దాంట్లో. కుళ్ళడం అనే పుచ్చు వేరు. వంకాయ పుచ్చింది అంటాం, పన్ను పుచ్చిపోయింది అంటాం, ‘వంకాయ పుచ్చుకుంది’ అని ఏ తెలుగువాడైనా అంటాడా? పాలు అంటే తాగే పాలూ ఉన్నాయి, అన్నదమ్ములు పంచుకునే పాలూ ఉన్నాయి, అంతమాత్రాన రెండూ ఒకటైపోతాయా? మరి వెళ్ళబుచ్చడంలో, వెలిబుచ్చడంలో, దొరకబుచ్చుకోవడంలో కూడా పుచ్చు ఉంది, అవన్నీ కుళ్ళేనా? ఎండాకాలం పుచ్చకాయ కూడా మానేద్దామా?

వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ దీని దెబ్బ ఎక్కడ తగిలిందో నేను కళ్ళారా చూశాను. పోయిన శ్రావణంలో మా వీధిలో వరలక్ష్మీ వ్రతం, అప్పటికే ఇలాంటిదే ఒక మెసేజ్ తిరిగింది. పళ్ళెంలో నానబెట్టిన శనగలు, తమలపాకులు, అరటిపళ్ళు, రవికెల గుడ్డ. ఇచ్చే అమ్మాయి ‘ఇస్తినమ్మ వాయనం’ అంది, డెబ్భై దాటిన పెద్దావిడ కొంగు పట్టి ‘పుచ్చుకుంటినమ్మ వాయనం’ అంది, అంతలో పక్కనుంచి ఒకమ్మాయి, ‘మామ్మగారూ, ఆ మాట అనకూడదంటండి, స్వీకరిస్తినమ్మ అనండి’ అంది. ఆ పెద్దావిడ కొంగు అలాగే పట్టుకుని ఆగిపోయింది. రెండోసారి అనాలి, మూడోసారి అనాలి, ఏం అనాలో తెలీక ఇచ్చే అమ్మాయి మొహంలోకి చూసింది. చిన్నబుచ్చుకుంది పాపం.

ఆ వాయనంలో తర్వాత మాటలేంటో గుర్తు తెచ్చుకోండి. ‘నా వాయనం అందుకున్నదెవరు’ అని అడిగితే ‘నేనే మహాలక్ష్మిని’ అంటారు. అంటే ఆ కాసేపు పుచ్చుకునే మనిషి అమ్మవారు. ‘పుచ్చుకుంటినమ్మ’ అనేది అమ్మవారి నోటి మాట. దాన్ని అశుభం అని టైప్ చేసినవాడు ఏ వ్రతం చూశాడో, ఏ ఇంట్లో పెరిగాడో నాకు అర్థం కాదు.

ఈ మాటకి ‘తీసుకో’ సరిపోదా అంటే, అన్నిచోట్లా సరిపోదు. అల్మారాలోంచి చొక్కా తీసుకుంటాం, పుచ్చుకోం. పుచ్చుకోవాలంటే వస్తువుని చేత్తో పట్టుకుని ఉండాలి, లేదా ఎదురుగా ఇచ్చే మనిషి ఉండాలి. గొడుగు పుచ్చుకుని బయల్దేరతాం, పిల్లాడి చెయ్యి పుచ్చుకుని రోడ్డు దాటిస్తాం, అప్పు పుచ్చుకుంటాం, వెళ్ళేటప్పుడు పెద్దవాళ్ళ దగ్గర సెలవు పుచ్చుకుంటాం. అంబాజీపేట కొబ్బరి బేరాల్లో బయానా పుచ్చుకున్నాడంటే మాట ఇచ్చేశాడని అర్థం, ఇంకొకరు రేటు ఎక్కువ చెప్పారని ఆ కాయ అటు తిప్పకూడదు. ఇచ్చిన మనిషికీ పుచ్చుకున్న మనిషికీ మధ్య ఒక కట్టుబాటు పడుతుంది. కట్నం పుచ్చుకున్నారు, లంచం పుచ్చుకున్నాడు అన్నప్పుడు తప్పు అక్కడ జరిగిన పనిది, మాట ఏం చేసింది?

అయితే ఆ మెసేజ్‌లో చివరి ముక్క మాత్రం నిజం, కాదనను. పిల్లలు అనట్లేదు. మా ఇంట్లోనూ అనరు, ‘కాఫీ తీసుకోండి’ అనే అంటారు, అదీ మర్యాదగానే ఉంటుంది. హైదరాబాద్‌లో పెరిగినవాళ్ళకి ‘భోజనం పుచ్చుకోండి’ వింతగా వినిపించడం కూడా సహజమే. వాళ్ళని అనమని నేను బలవంతపెట్టను, నలభై ఏళ్ళు పోతే మా వైపు కూడా వాయనంలో తప్ప వినపడదేమో. కానీ అదంతట అది వాడుక తగ్గడం వేరు, అనేవాళ్ళ నోరు మూయించడం వేరు.

ఇంకో నెలలో శ్రావణం. ఆ మెసేజ్ ఎవరెవరికి పంపారో వాళ్ళందరికీ ఇదీ పంపండి, ముఖ్యంగా మీ ఇంట్లో మామ్మగారి ఫోన్‌కి పంపి ఉంటే, మీరే పక్కన కూర్చుని చదివి వినిపించండి.