మూడు ముళ్ళూ ఆరు నాట్లూ

చీరాలలో ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారిని నేను. మోటుపల్లి మాకు బాగా దగ్గర. ఒకప్పటి ఆ రేవు ఉన్న రాజ్యం గురించి మార్కో పోలో రాశాడు. కాకపోతే దానికి ముత్ఫిలి అని పేరు పెట్టాడు, రుద్రమదేవిని చనిపోయిన రాజుగారి భార్య అనుకున్నాడు. గణపతిదేవుడి కూతురని తెలియలేదు పాపం. నా తరగతిలో అయితే అర మార్కు కోసేవాడిని.

మ్యూనిక్‌లో ఉన్న మా అమ్మాయి ఫోను చేసి, "నాన్నా, ఈసారి మీరు వచ్చినప్పుడు క్రొయేషియాలో వారం రోజులు యాట్ మీద తిరుగుదాం. స్ప్లిట్‌లో ఎక్కి డుబ్రోవ్నిక్‌లో దిగుతాం" అంది. నేను అట్లాసు తీసి చూస్తే, ఆ రెండు ఊళ్ళ మధ్యలో కోర్చులా ద్వీపం కనిపించింది. మార్కో పోలో తమ దగ్గరే పుట్టాడని కోర్చులా వాళ్ళంటారు. వెనిస్ వాళ్ళు ఒప్పుకోరు. ఆ తగవు వాళ్ళు తేల్చుకుంటారు. మా వైపు రేవును తలచుకున్న మనిషి ఇంటికి ఏడువందల ఏళ్ళు దాటినా మేం బదులు పలకరింపుకు వెళ్ళలేదు. ఉత్త కాళ్ళతో వెళ్తే ఏం బాగుంటుందని చీరాల బజారులో కొత్త తోలు చెప్పులు కూడా కొన్నాను. ఈ చెప్పులను గుర్తుపెట్టుకోండి.

యాట్ అనగానే మా ఆవిడ సినిమాల్లో చూసిన తెల్లటి మేడ ఒకటి నీళ్ళ మీద తేలుతూ వస్తుందనుకుంది. స్ప్లిట్ రేవులో మా కోసం ఆగి ఉన్నది నలభై అడుగుల తెరచాప పడవ. మాకిచ్చిన గదిలో ఒకరు చొక్కా తొడుక్కోవాలంటే రెండోవారు పడుకోవాలి. మరుగుదొడ్డికి మా వీధి బోరింగులాంటి చేతిపంపు ఉంది. పని అయ్యాక ఇరవైసార్లు కొట్టాలి. ఎవరు లోపలికి వెళ్ళారో, ఎంత సేపటికి ముగించారో పడవంతటికీ తెలుస్తుంది.

ఇరవై అయిదేళ్ళు దాటని ఆ ఊరి అమ్మాయి మా కెప్టెన్. ఎక్కీ ఎక్కగానే మూడు నియమాలు చెప్పింది. చెక్క పాడవుతుంది కాబట్టి పడవ మీద చెప్పులు వేసుకోకూడదు, బుట్టలో పెట్టాలి. తిని అరిగించుకున్నది తప్ప మరేదీ మరుగుదొడ్డిలో వెయ్యకూడదు. తనను అడగకుండా ఏ తాడూ ముట్టుకోకూడదు. రెండో నియమాన్ని నేను పూర్తిగా పాటించానని ఇక్కడ రాసుకోవచ్చు.

బయలుదేరేముందు డయోక్లీషియన్ కట్టించుకున్న భవంతి చూశాం. రోమన్ చక్రవర్తుల్లో తనంతట తాను సింహాసనం దిగినవాడు ఆయన. 305లో పదవి వదిలి ఇక్కడికి వచ్చేశాడు. మళ్ళీ రమ్మని అడిగితే, నా చేత్తో పెంచిన క్యాబేజీలను చూస్తే మీరీ మాట అనరు అన్నాడని చెబుతారు. ఆ రాళ్ళ మధ్య నిలబడి తోటి రిటైరైన ఉద్యోగిగా ఆయనను ఎంతో గౌరవించాను. విశ్రాంతిలో ఉన్నవాడు క్యాబేజీల జోలికి వెళ్ళాలి గానీ తాళ్ళ జోలికి వెళ్ళకూడదన్న సంగతి మాత్రం నాకు అక్కడ తట్టలేదు.

పడవ కదిలాక వేగం ఎంతని అడిగాను. "ఆరు నాట్లు" అంది కెప్టెన్. గంటకు పదకొండు కిలోమీటర్లు. ఎద్దుబండి వెనక చిక్కుకున్న బస్సు వేగం. నాట్ అంటే ముడి అని మా ఆవిడకు విడమరిచి చెప్పాను. పాతకాలంలో తాడుకు సమానదూరంలో ముళ్ళు వేసి, కొసన చెక్కముక్క కట్టి నీళ్ళలో వదిలేవారు. ఇసుక గడియారంలో ఇసుక జారిపోయేలోగా చేతిలోంచి ఎన్ని ముళ్ళు వెళ్తే అంత వేగం. అంతా విని మా ఆవిడ, "ఆరు ముళ్ళా? మూడింటికే ముప్పై ఎనిమిదేళ్ళు కదలకుండా ఉన్నాం" అంది. నాకు ఆ మాట బిరుదులా వినిపించింది.

రెండో రాత్రి హ్వార్ ఎదురుగా పాక్లెని దీవుల దగ్గర లంగరు వేశాం. వెనకటి రోజుల్లో ఓడలకు పూసే గుగ్గిలం ఈ దీవుల పైన్ చెట్ల నుంచే తీసేవారట. పెద్ద పడవ వెనక కట్టుకునే రబ్బరు పడవలో ఒడ్డుకు వెళ్ళి, భోంచేసి, నిద్రమత్తులో తిరిగొచ్చాం. ఐదుగురి చెప్పులూ ఆ రబ్బరు పడవలోనే ఉండిపోయాయి. కెప్టెన్ మాత్రం తనవి బుట్టలోనే పెట్టుకుంది.

పొద్దున్నే దాన్ని వెనక కట్టమని కెప్టెన్ మా అల్లుడికి చెప్పింది. ఆయన చేతిలో కాఫీ ఉంది. "నువ్వు తాగు బాబూ, నేను చూసుకుంటాను" అన్నాను. పడవ అంచున తాడు చుట్టడానికి అటొకటి ఇటొకటి కొమ్ములున్న ఇనుప దిమ్మ ఉంది. దాన్ని చూడగానే నాకు మా నాన్నగారి కొట్టంలో ముర్రా గేదె గుర్తొచ్చింది. చెయ్యి దానంతటదే పలుపుతాడుకు వేసే జారుముడి వేసింది. చాలా గొప్ప ముడి అది. గేదె ఎంత గుంజినా రాదు. కొట్టంలో నిప్పంటుకుంటే మాత్రం మనం కొస పట్టి లాగగానే ఊడుతుంది. కొసను మూరెడు పొడుగు వదిలాను. అది నీళ్ళలో ఆడుతోంది.

మధ్యాహ్నానికి మాయిస్త్రాల్ అందుకుంది. ఎండాకాలం ఈ తీరంలో మధ్యాహ్నాలు వాయవ్యం నుంచి వీచే గాలి అది. తెరచాప పొంగింది, కెప్టెన్ ముఖం వెలిగింది, నేను మోటుపల్లి శాసనం గురించి అల్లుడికి చెబుతున్నాను. ఓడ పగిలినా, దారితప్పి మరో రేవుకు కొట్టుకొచ్చినా సరుకంతా లాక్కునే పాత రాజుల పద్ధతిని గణపతిదేవుడు 1244లో రద్దు చేశాడు, ప్రాణం కన్నా ప్రియమైన ధనాన్ని వర్తకులకే వదిలి ముప్పైకి ఒకటి చొప్పున సుంకం మాత్రం తీసుకుంటానన్నాడు, అనేదాకా వచ్చాను.

"తాతయ్యా, మన చిన్న పడవ ఏది?" అన్నాడు మనవడు.

ఇనుప కొమ్ముల మీద ఏమీ లేదు. గేదె తప్పించుకున్న గుంజలా ఉంది. అలలు గంటల తరబడి ఆ కొసను లాగి లాగి, కొట్టంలో నిప్పంటుకుందని ముడిని నమ్మించాయి.

కెప్టెన్ వెనక్కి తిప్పి చాలాసేపు వెతికింది. ఎటు చూసినా అలల తెల్ల నురుగే. రేడియోలో కబురు పెట్టి, నా వైపు ఒక్కసారి చూసి, ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అలా కోర్చులాకు ఉత్త కాళ్ళతోనే వెళ్ళాను. ఆ ఊరి వీధులు చేప ముల్లులా అటూ ఇటూ చీలి గాలిని లెక్కగా రానిస్తాయట. ఎండ విషయంలో అలాంటి లెక్కేదీ లేదు. నున్నటి తెల్లరాయి పెనంలా కాలుతోంది. అరికాళ్ళు చల్లబరుచుకోవడానికి సెయింట్ మార్క్ చర్చిలోకి దూరాం. అందరూ బూట్లతో తిరిగే గుడిలోకి ఐదుగురం వరసగా ఉత్త కాళ్ళతో, పట్టుచీర కట్టుకున్న మా ఆవిడ ముందు నడుస్తుండగా వెళ్ళేసరికి, ఒక ముసలావిడ మాది ఏదో కఠినమైన మొక్కు అనుకుందేమో, లేచి చోటిచ్చింది. 1298లో ఈ ఊరి దగ్గర సముద్రంలోనే జెనోవా వాళ్ళు వెనిస్ నౌకలను ఓడించారు. మార్కో పోలో ఆ యుద్ధంలోనే పట్టుబడ్డాడని ఇక్కడ చెబుతారు. నౌకలతో పోల్చితే చెప్పులు ఏపాటి అని ఇంట్లోవాళ్ళకు నచ్చజెప్పబోయాను. ఎవరూ వినలేదు.

సాయంత్రం ఒక చేపల పడవ మా రబ్బరు పడవను లాక్కుంటూ రేవుకు వచ్చింది. గాలి దాన్ని మా దారినే మా వెనకాలే తోసుకొచ్చింది. ఆ ముసలాయన మా అల్లుడు ఇవ్వబోయిన డబ్బు తీసుకోలేదు. ఒక బీరు మాత్రం తాగాడు. గణపతిదేవుడు చూస్తే మెచ్చుకునేవాడు. చెప్పులు లెక్కపెట్టాం. పదింటిలో తొమ్మిది ఉన్నాయి. లేనిది నా కొత్త ఎడమ చెప్పు. రాజుగారు ముప్పైకి ఒకటి అంటే, సముద్రుడు పదికి ఒకటి వసూలు చేశాడు.

ఆ తరువాత మ్ల్యెట్ ద్వీపం. పాముల బెడద తీర్చడానికి 1910లో మన దేశపు ముంగిసలను తెచ్చి వదిలింది ఇక్కడే. అవి పాములతో ఆగకుండా కోళ్ళ మీద, పక్షుల మీద కూడా పడ్డాయి. "అడగని సాయం చేసేవాళ్ళు అక్కడా ఉన్నారన్నమాట" అంది మా ఆవిడ. డుబ్రోవ్నిక్‌లో, మహమ్మారి ఉన్న చోట్ల నుంచి వచ్చేవాళ్ళు నెల రోజులు బయటే ఉండాలని 1377లోనే చట్టం చేశారని చెప్పగానే, మా అమ్మాయి నాకూ తాళ్ళకూ మధ్య అదే చట్టం పెట్టింది.

చివరి సాయంత్రం కెప్టెనే దాన్ని సడలించింది. ఇనుప కొమ్ముల ముందు కూర్చోబెట్టి తాడు చేతికిచ్చింది. ముందు కింద ఒక చుట్టు, తరువాత కొమ్ముల మీద ఇంగ్లీషు ఎనిమిది అంకెలా అడ్డంగా రెండుసార్లు, చివరి మెలిక తిరగేసి బిగించడం. చేశాను. కాలు తన్నిపెట్టి గుంజి చూసింది. కదల్లేదు.

"ఇంతకుముందు మీరు వేసిన ముడి ఏదైనా నిలిచిందా?" అని నవ్వుతూ అడిగింది.

"ఎందుకు నిలవలేదు! మూడు ముళ్ళు. ముప్పై ఎనిమిదేళ్ళు" అన్నాను ఛాతీ విరిచి. మా అమ్మాయి తర్జుమా చేసింది.

మా ఆవిడ పెట్టెలో బట్టలు సర్దుతూ తలెత్తలేదు. "ఒకటే ఆయన వేసింది. చేతులు వణుకుతుంటే తక్కిన రెండూ మా ఆడపడుచు వేసింది. అది కూడా చెప్పవే ఆ పిల్లకు."