పర్మనెంట్ మార్కర్ మాహాత్మ్యం

మనిషి జీనోమ్‌లో, అంటే మొత్తం డీఎన్ఏ రాతలో, సుమారు 300 కోట్ల అక్షరాలుంటాయి. మా ల్యాబులో మిషను వాటిని గడగడా చదివేస్తుంది. ట్యూబు మూత మీది రెండంకెలు చదవడానికి మాత్రం నన్ను పెట్టుకున్నారు.

మొన్న ఒక ఆసుపత్రి నుంచి థర్మోకోల్ పెట్టె వచ్చింది. ఐస్ ప్యాకులు దారిలోనే నీళ్లయ్యాయి. లోపల 24 డీఎన్ఏ ట్యూబులు: 8 కుటుంబాలు, ఒక్కో కుటుంబానికి తల్లి, తండ్రి, బిడ్డ. నంబర్లు పర్మనెంట్ మార్కర్‌తో వేశారు. పర్మనెంట్ అంటే ఇథనాల్ అనే ఆల్కహాల్ చుక్క పడేదాకా అని అర్థం. ఏ పుణ్యాత్ముడో శుభ్రత కోసం అన్నింటినీ ఇథనాల్‌తో తుడిచి మరీ పంపాడు. మూతలన్నీ లేత నీలంగా నిగనిగలాడుతున్నాయి.

ఫోన్ చేశాను.

"ఏది ఎవరిదో తెలియట్లేదు బాబూ."

"ఎక్కువున్నది తండ్రిది అయ్యుంటుంది సార్."

"అదెలా?"

"మగాళ్లకి రక్తం ఎక్కువ కదా సార్. అయినా అంత పెద్ద మిషనుంది, అందులో పెడితే అదే చెప్పదా?"

చెబుతుంది నాయనా. ఏ బిడ్డ ఏ తల్లిదండ్రులకు పుట్టాడో చెబుతుంది. వాళ్ల ఇంటిపేరు చెప్పదు.

ఫారం మాత్రం ముత్యాల్లాంటి చేతిరాత. డీఎన్ఏ ఎంత శుద్ధంగా ఉందో చెప్పే 260/280 నిష్పత్తి 24కి 24 ట్యూబుల్లోనూ 1.8! కవలలకు కూడా ఇంత పొంతన కుదరదు. డీఎన్ఏ ఎంతుందో కొలిచే నానోడ్రాప్ మిషనులో మైక్రోలీటరుకు 100 నానోగ్రాములట. అది డీఎన్ఏకి చుట్టమైన ఆర్ఎన్ఏనీ, తెగిన ముక్కల్నీ కూడా డీఎన్ఏ లెక్కలోనే కలిపేస్తుంది. డీఎన్ఏని మాత్రమే లెక్కపెట్టే క్యూబిట్ మిషనులో పెడితే 11 వచ్చింది. ముక్కల్ని పొడవును బట్టి విడదీసే జెల్ మీద పైన ఒక్క గీతగా నిలబడాల్సిన డీఎన్ఏ కిందిదాకా తోకచుక్కలా సాగింది, అంటే ముక్కలైపోయింది.

"ఏం టెన్షన్ లేదు సార్, మళ్లీ బ్లడ్ తీయిస్తాం."

ఎవరి బ్లడ్డయ్యా? నీదా? నరం దొరక్క రెండు చేతులూ పొడిపించుకున్న నాలుగేళ్ల పిల్లాడిది! వాళ్ల నాన్న ఇంకో రోజు కూలి పోగొట్టుకుని, బస్సెక్కి, వాణ్ని మళ్లీ మీ వరండాలో కూర్చోబెట్టాలి. రెండంకెలు సరిగ్గా వేయడానికి బద్ధకించింది నువ్వు, సూది వాడికి. సిగ్గులేదూ?

అని అనలేదు. "సరే బాబూ" అని పెట్టేశాను. మళ్లీ పంపాల్సింది వాళ్లే కదా.

పెట్టెను మైనస్ 20 ఫ్రీజర్‌లో పెట్టి, కాగితం మీద 'ఎవరివో తెలియదు' అని రాసి అంటించాను. పెన్సిలుతో. పెన్సిలు రాత ఇథనాల్‌కు చెరగదు.